ఆట కావాలి, ఆడే నేల అక్కర్లేదా?

మంత్రిగారు ఏజన్సీకి వస్తున్నారంటే ఇప్పుడు పూలమాల ఒక్కటే చాలదు. దారికి అటూ ఇటూ ఆదివాసులు నిలబడి ఉండాలి. ఆదిలాబాదు వైపైతే నెమలీకల కిరీటాలతో గుస్సాడీలు. అరకు వైపైతే చేతులు పెనవేసుకుని వరసకట్టిన ధింసా స్త్రీలు. గోదావరి మన్యంలో ఐతే కొమ్ములు తలకు కట్టుకున్న కోయ యువకులు. మంత్రిగారు కారు దిగుతారు. నాలుగడుగులు వాళ్ళతో కలిసి వేస్తారు. ఎవరో ఆయన తలమీద కూడా ఒక కిరీటం పెడతారు. మరునాడు పత్రికలో బొమ్మ పడుతుంది. బొమ్మ కింద మంత్రిగారి పేరుంటుంది. కిరీటం పెట్టినవాడి పేరుండదు.

ఈ దృశ్యం చూసి ముచ్చటపడేవాళ్ళు మన చదువుకున్నవాళ్ళలో తక్కువమంది కారు. "ఎంతైనా ఈ రోజుల్లో ఆదివాసీ సంస్కృతికి ఆదరణ పెరిగింది" అంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో కాస్త పరిశీలించటం మన బాధ్యత. ఎందుచేతనంటే ఈ మాటను పాలకులు మాత్రమే అనటం లేదు. మన కళాశాలల్లో పాఠాలు చెప్పేవాళ్ళు, మన సభల్లో కవిత్వం చదివేవాళ్ళు కూడా అంటున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆదివాసీ ఆట అతని నేలకు పత్రం వంటిది. ఆ పత్రాన్ని అలంకారంగా గోడకు తగిలించి, అందులో రాసి ఉన్న నేలను మరొకరికి ధారాదత్తం చెయ్యటం పేరే ఇవాళ "ఆదరణ"గా చెలామణీ అవుతున్నది.

ఇది ఆవేశంలో అన్నమాట కాదని చూపటానికి ముందు గుస్సాడీ అంటే ఏమిటో చూద్దాం.

ఆదిలాబాదు రాజగోండులు దీపావళి రోజుల్లో దండారీ పండగ చేసుకుంటారు. ఒక ఊరి బృందం బయలుదేరి మరో ఊరికి పోతుంది. ఆ ఊరివాళ్ళు ఎదురు వచ్చి, మర్యాద చేసి, అన్నం పెట్టి, రాత్రి పొద్దుపోయేదాకా వాళ్ళతో కలిసి ఆడతారు, పాడతారు. ఈ రాకపోకల్లో పాత చుట్టరికాలు గట్టిపడతాయి, కొత్త పెళ్ళి సంబంధాలు కుదురుతాయి. ఈ బృందంలో గుస్సాడీ కట్టినవాడు ఒంటికి బూడిద పూసుకుంటాడు. చేత కర్ర, భుజాన జింక చర్మం, తలమీద నెమలీకల కిరీటం. పండగ ముగిసేదాకా అతను స్నానం చెయ్యడు. ఆ పండగ రోజుల్లో అతను ఫలానా ఇంటి మనిషి కాడు, దేవత ఆవహించినవాడు. కిరీటానికి పూజ జరుగుతుంది. చాలా బృందాలు మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలంలో గుడిరేవు దగ్గర, గోదావరి ఒడ్డున వెలసిన పద్మల్‌పురి కాకో దర్శనం చేసుకుంటాయి.

ఇదంతా జరగటానికి ఏమేమి కావాలో లెక్క వెయ్యండి. నెమళ్ళు తిరిగే అడవి కావాలి. ఒక ఊరినుంచి మరో ఊరికి నడవటానికి, అడ్డగించేవాడు లేని దారి కావాలి. ఆ ఊరు అక్కడే ఉండాలి. వచ్చిన చుట్టాలకు పెట్టటానికి ఇంట్లో గింజలు ఉండాలి. గింజలు ఉండాలంటే చేను ఉండాలి. ఆ చేను షావుకారు కిందికి పోకుండా ఉండాలి. వీటిలో ఏది తీసేసినా దండారీ నిలవదు. మిగిలేది కిరీటం. కిరీటం ఒక్కదాన్నీ ఎక్కడికైనా తీసుకుపోవచ్చు, ఎవరి నెత్తిన అయినా పెట్టవచ్చు.

ఒక కళాశాల వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. విద్యార్థులు "గిరిజన నృత్యం" అని ఒకటి ప్రదర్శించారు. రంగుకాగితాల ఈకలు, ముఖాలకు నల్లరంగు, సినిమా పాట. చప్పట్లు మిన్నంటాయి, బహుమతి కూడా దానికే వచ్చింది. నా వెనక వరసలో కూర్చున్న గోండు విద్యార్థి ఒకడు చప్పట్లు కొట్టకపోవటం గమనించి, తరవాత బయట కనిపిస్తే అడిగాను. అతను కాసేపు నసిగి, "గుస్సాడీ కట్టినోడు మా ఊళ్ళో ఆ రోజుల్లో దేవుడు సార్. మా తాత కూడా మా నాయన కాళ్ళు మొక్కుతడు. వీళ్ళు జోకర్ లెక్క చేసిన్రు," అన్నాడు. "మరి నువ్వు చెప్పలేకపోయావా?" అన్నాను. "ఎవరికి చెప్పాలె సార్? మా మేడమే నేర్పించింది," అన్నాడు.

ఆ అధ్యాపకురాలు దుర్మార్గురాలు కాదు. పైగా ఆమె తాను ఆదివాసీ సంస్కృతిని ప్రచారం చేస్తున్నానని నమ్ముతున్నది. ఆ నమ్మకాన్ని గురించే ఈ వ్యాసం.

ఈ గుస్సాడీలు ఆడే నేల చరిత్ర ఏమిటి? నిజాం ప్రభుత్వం రిజర్వు అడవి గీతలు గీసి గోండులను, కొలాములను వాళ్ళ చేలనుంచి వెళ్ళగొట్టింది. ఎదిరించిన కొమరం భీం 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు తూటాలకు బలి అయినాడు. అటు తరవాతే ప్రభుత్వానికి వీళ్ళ బతుకు విచారించాలని తోచి హైమెన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి చెప్పిన మాటల ఫలితంగా కొందరికి పట్టాలు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చింది, రోడ్లు వచ్చాయి, రోడ్లవెంట వలస వచ్చినవాళ్ళ చేతుల్లోకి భూములు పోసాగాయి. 1959లో భూబదలాయింపు నిబంధనలు, 1970లో వాటికి పదును పెట్టిన 1/70 చట్టం వచ్చాయి. చట్టం కాగితంమీద నిలిచింది. భూమి చేతులు మారుతూనే ఉన్నది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యమీద సభ జరుపుకోవటానికి తరలివచ్చిన ఆదివాసులమీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది. అంతకు ఎన్నోరెట్లని పౌరహక్కులవారు అన్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇంద్రవెల్లి అమరుల స్తూపం దగ్గర ఏప్రిల్ 20న జనం గుమిగూడకుండా ఏళ్ళ తరబడి నిషేధపుటుత్తర్వులు పెట్టారు. అదే ఏళ్ళలో అదే జిల్లా గోండులను గణతంత్ర దినోత్సవాలకూ, ప్రభుత్వ ఉత్సవాలకూ బస్సులెక్కించి తీసుకుపోయారు. కిరీటంతో వస్తే స్వాగతం, స్తూపం దగ్గరికి వస్తే 144వ సెక్షను! ఆదివాసి గుమిగూడటంలో పాలకులకు ఏది నచ్చుతుందో, ఏది నచ్చదో ఇంతకంటె తేటతెల్లంగా ఎవరు చెప్పగలరు? కాని తుడుం మోగితే ఆటకు వచ్చే జనం సభకు కూడా వస్తారు. ఆదివాసీ హక్కుల పోరాట సమితి తన పేరుకు "తుడుందెబ్బ" అని చేర్చుకోవటం ఊరికే జరగలేదు. ఆ వాద్యం వాళ్ళకు ఎప్పుడూ రెండు పనులూ చేసింది.

ఇప్పుడు తూర్పు కనుమలకు పోదాం. అరకులో ధింసా చూడనివాళ్ళు అరకు చూసినట్టే కాదని యాత్రికులు అనుకుంటారు. వసతిగృహాల ముందు సాయంత్రం మంట వేస్తారు. స్త్రీలు వరసగా నిలిచి ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పెనవేస్తారు. మోరీ ఊదుతారు, డప్పు, తుడుం, కిరిడి మోగిస్తారు. అరగంట ఆట. యాత్రికులు కూడా చివర ఇద్దరి మధ్య దూరి తప్పటడుగులు వేసి నవ్వుకుంటారు.

ఐతే ధింసా ఒకటి కాదు. బోడ ధింసా గ్రామదేవత కొలువులో ఆడేది. పోతర్ తోల ఆకులు ఏరుకునే పనిని అడుగుల్లో పెట్టిన ఆట. భాగ్ ధింసాలో పులి వస్తే తప్పించుకోవటం నేర్పుతారు. కుండ ధింసాలో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు. నాటికారీ వాల్మీకులు దీపావళికి ఆడేది. ఈ పేర్లే ఆ కొండలమీది జీవితానికి పట్టిక. ఆకు ఏరే హక్కు పోయి, ఆకు ఏరినందుకు ఫారెస్టు గార్డు కేసు పెట్టే చోట పోతర్ తోల దేనికి గుర్తు? చూసేవాడికి అది తెలియదు. చూపించేవాడు చెప్పడు. ఆడే ఆమెకు తెలుసుగాని ఆమెను ఎవరూ అడగరు.

ఆ వసతిగృహాలకు కూతవేటు దూరమని కాకపోయినా, అదే కొండల వరసలో, అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులు ప్రైవేటు కంపెనీల కిచ్చారు. ఆ ఊళ్ళ ఆదివాసుల పక్షాన సమతా సంస్థ కోర్టుకెక్కింది. 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు గాని ప్రైవేటు కంపెనీలకు గాని గనులకోసం ఇవ్వరాదని తీర్పు చెప్పింది. అంతటితో ఆశ చావలేదు. విశాఖ మన్యంలో బాక్సైటుకోసం 2015లో 97వ నంబరు జీవో వచ్చింది. జనం తిరగబడ్డారు. 2019లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చెయ్యక తప్పింది కాదు. అటు 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాదు అడవుల్లో పులుల రక్షణకు పెద్ద ప్రాంతాన్ని కేటాయిస్తూ 49వ నంబరు జీవో ఇచ్చి, దానికి కొమరం భీం పేరే పెట్టింది! ఆదివాసులు బందులు జరిపిన మీదట దాని అమలు ఆపివేసింది. ఎవరు అడవిమీద హక్కుకోసం ప్రాణం ఇచ్చాడో ఆయన పేరుతోనే అడవికి కంచె కట్టబోవటంలో ఉన్న వింత ఆ ఉత్తర్వు రాసినవారికి తోచినట్టు లేదు. 2016లో జోడేఘాట్‌లో భీం పేర మ్యూజియం వెలిసింది. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ అడవిలోని కొలాంగోంది కొలాములను ఇళ్ళు ఖాళీ చేయించగా హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. ఈ రెండు పనులూ ఒకే ప్రభుత్వ హయాంలో జరిగాయి.

పోలవరం సంగతి ఇంకా దారుణం. ఆ జలాశయం కింద పోయే మూడువందలకు పైగా ఆవాసాల్లో అధిక భాగం కోయ, కొండరెడ్ల గూడేలు. కొమ్ముకోయ ఆటను ప్రభుత్వ వేదికలమీద చూసి మెచ్చుకున్నవాళ్ళు, ఆ ఆట ఆడిన జాతరమిట్టలు ఏ కాలనీలో మళ్ళీ లేస్తాయో చెప్పరు. సిమెంటు ఇల్లు కట్టి ఇవ్వవచ్చు. ఊరి చుట్టూ ఉన్న వేల్పులను ఏ ఇంజనీరు తరలిస్తాడు?

"ఐతే ప్రభుత్వం పద్మశ్రీలు ఇచ్చింది కదా" అంటారు. నిజమే. 2021లో మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు, 2022లో మణుగూరు ప్రాంతపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు ఆ గౌరవం దక్కింది. ఇద్దరూ దానికి వెయ్యిరెట్లు తగినవాళ్ళు. ఇద్దరూ 2024లో నాలుగు నెలల తేడాతో కన్నుమూశారు. రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను డోలుమీద చెప్పేవాడు. రాసుకున్నది కాదు, అంతా నోటికి వచ్చినదే. అటువంటి మనిషి మన విశ్వవిద్యాలయాల్లో ఏ పీఠం ఎక్కి ఏ విద్యార్థులకు పాఠం చెప్పాడు? పతకం మనిషికి ఇచ్చారు. ఆ మనిషి చదువును చదువుగా ఒప్పుకోలేదు. గోండీ మాట్లాడేవాళ్ళు 2011 జనగణన ప్రకారం దాదాపు 30 లక్షలమంది. సంతాలీకి 2003లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటు దొరికింది. గోండీకి ఇంతవరకు దొరకలేదు. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో దొరికిన గోండీ లిపికి 2018లో కంప్యూటరు అక్షరాల ప్రమాణంలో స్థానం వచ్చిందిగాని, బడుల్లో మాత్రం అంతగా చోటు దొరకలేదు. ఆడితే కళాకారుడు, మాట్లాడితే వెనకబడినవాడు!

ఇక్కడ నన్ను అపార్థం చేసుకునేవారు ఉంటారు. "ఐతే ఆ స్త్రీలు ఆడటం మానుకోవాలంటావా? వాళ్ళకు వచ్చే నాలుగు డబ్బులు కూడా పోగొడతావా?" అని అడుగుతారు. నేను ఆ మాట అనటం లేదు. వసతిగృహం ముందు ఆడే ఆమె శ్రమజీవి. పొద్దంతా కాఫీతోటలో పనిచేసి వచ్చి ఆడుతున్నదంటే అది రెండో కూలి. శ్రమకు డబ్బు తీసుకోవటంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తక్కువ డబ్బిచ్చి దాన్ని "ఆదరణ" అనేవాడే సిగ్గుపడాలి. తబలా విద్వాంసుడికి పారితోషికం, ధింసా బృందానికి "ఖర్చులు" అని రాసే ఖాతాపుస్తకాన్ని ప్రశ్నించండి అంటున్నాను. ఎంత సేపు ఆడాలి, ఏది ఆడాలి, ఏది ఆడకూడదు, ఫోటో ఎవరు తియ్యవచ్చు అన్న నిర్ణయం ఆడేవాళ్ళ చేతిలో ఉండాలి అంటున్నాను. పూజకు సంబంధించిన ఆటను మేము వేదికమీద ఆడం అని వాళ్ళంటే, అది కూడా సంస్కృతిలో భాగమే.

రెండోరకం అపార్థం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. "చూశారా, బయటి ప్రపంచం సోకితే ఆదివాసీ కళ చెడిపోతుంది. దాన్ని ఉన్నదున్నట్టు కాపాడాలి," అనే పండితులు బయలుదేరుతారు. వీరితో కూడా నాకు పేచీ ఉన్నది. వీరికి ఆదివాసి ఎప్పుడూ తాతలనాటి మనిషిగా ఉండాలి. అతను ప్యాంటు తొడిగితే వీరికి దిగులు. అతని బొమ్మలో రైలు కనిపిస్తే కల్తీ అంటారు. తమ కళ మారితే వికాసం, అతని కళ మారితే పతనం!

ఈ వాదానికి జవాబు పుస్తకాల్లోకంటె జన్‌గఢ్ సింగ్ శ్యాం బతుకులో ఉన్నది. మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అతని ఊరు. అతను పుట్టింది పర్ధాన్ కులంలో. గోండు దాతల ఇళ్ళకు పోయి, బానా అనే తంత్రీవాద్యం వాయిస్తూ బడాదేవుణ్ణి మేలుకొలిపి, ఆ ఇంటి వంశావళిని పాడటం ఆ కులం వృత్తి. దాత గింజలు పెట్టేవాడు, పశువునిచ్చేవాడు. దాతకే భూమి పోయి అప్పులపాలైతే పాటకు గింజలు ఎవరు పెడతారు? పాట సన్నగిల్లింది. భోపాల్ భారత్ భవన్‌కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం 1981లో ఈ కుర్రవాణ్ణి కనుక్కున్నది. జన్‌గఢ్ ఆ పాటల్లోని దేవుళ్ళను, చెట్లను, జింకలను, పక్షులను కాగితంమీద చుక్కలుగా, గీతలుగా దించాడు. అంతకు ముందు ఆ దేవుళ్ళకు బొమ్మలు లేవు. పాటలో మాత్రమే ఉండేవారు. కనక అతను చేసినది పాతదాన్ని భద్రపరచటం కాదు, కొత్తది పుట్టించటం. పాట అడవిలో చోటు కోల్పోయి కాగితంమీద చోటు వెతుక్కున్నది. ఇవాళ ప్రపంచమంతా "గోండు చిత్రకళ" అంటున్న దాని వయసు అర్ధశతాబ్దం కూడా లేదు! అది మన ఆధునిక చిత్రకళకంటె పాతది కాదు, చిన్నది.

స్వామినాథన్‌కు ఇందులో దక్కవలసిన మెప్పు దక్కాలి. 1982లో తెరిచిన భారత్ భవన్‌లో నగర చిత్రకారులను, ఆదివాసీ చిత్రకారులను ఒకే కప్పు కింద సమకాలికులుగా నిలబెట్టాడు. ఆ భవనం కట్టేటప్పుడు రాళ్ళు మోసిన కూలీల్లో భూరీబాయి అనే భిల్లు యువతి ఉన్నది. ఆమె చేత బొమ్మలు వేయించింది ఆయనే. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. కాని కప్పు కిందికి తీసుకురావటం వేరు, బజారులో కాపాడటం వేరు. జన్‌గఢ్ బొమ్మలు 1989లో పారిస్ ప్రదర్శనకు పోయాయి. భోపాల్ శాసనసభ గోడలమీద అతని బొమ్మలున్నాయి. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంకోసం ఒప్పందంమీద బొమ్మలు వేస్తూ, ఇంటికి దూరంగా, నలభై ఏళ్ళైనా నిండకుండానే ఉరివేసుకుని చనిపోయాడు. ఆ చావుకు ఎవరిని ఎంత బాధ్యులను చెయ్యాలో తీర్పు చెప్పటానికి నేను న్యాయాధిపతిని కాను. ఐతే అంత పేరున్న చిత్రకారుడు మాటరాని దేశంలో ఒంటరిగా కూలి ఒప్పందంమీద బొమ్మలు వెయ్యవలసిన పరిస్థితి ఎట్లా వచ్చిందని అడిగే హక్కు మనందరికీ ఉన్నది.

జన్‌గఢ్ తరవాత ఆ దారి మూతపడలేదు. దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం కలిసి అంబేడ్కర్ జీవితాన్ని "భీమాయణ" అనే బొమ్మల పుస్తకంగా 2011లో తెచ్చారు. మామూలు బొమ్మల కథల్లో ఉండే గళ్ళలో మనుషులను ఇరికించటానికి వాళ్ళు ఒప్పుకోలేదు. తమ ఇళ్ళ గోడలకు వేసే ముగ్గు వరసలతో పుటలను విభజించారు. మహద్ చెరువు నీళ్ళ కథ ఆదివాసీ చేతిలో చేపలతో, పక్షులతో కొత్త రూపం ఎత్తింది. "ఉన్నదున్నట్టు కాపాడే" పండితులకు ఇందులో చోటు ఎక్కడ? అంబేడ్కర్‌ను బొమ్మ వెయ్యటానికి గోండు చేతికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఆదివాసి తన అస్తిత్వాన్ని గతంలో వెతుక్కోవటం లేదు. ఇవాళ్టి తగాదాల్లో తన గీతతో తాను పాల్గొంటున్నాడు.

ఆటకు, బొమ్మకు, నేలకు ఉన్న లంకె మన దేశపు విశేషం కాదు. దాన్ని కోర్టుదాకా తీసుకుపోయినవాళ్ళు ఆస్ట్రేలియా ఆదివాసులు. 1963లో అక్కడి ఉత్తర తీరాన యిర్కాలాలో యోల్‌ఙూ జనం తమ భూమిలో బాక్సైటు గనులు తవ్వబోతున్నారని తెలిసి పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. చెట్టుబెరడుమీద తమ వంశాల చిత్రలిపులు గీసి, మధ్యలో తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ విన్నపం అతికించారు. ఆ గీతలు అలంకారం కాదు. ఫలానా వంశానికి ఫలానా నేలమీద ఉన్న హక్కును వాళ్ళ ధర్మశాస్త్రం ప్రకారం తెలిపే ముద్రలు. 1971లో కోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. ఐనా ఆ అర్జీ కదిపిన కదలికలోనుంచే 1976లో ఉత్తర ప్రాంతపు భూమిహక్కుల చట్టం వచ్చింది. 1997లో పశ్చిమాన గ్రేట్ శాండీ ఎడారి జనం తమ నీటిగుంటలు, తమ దారులు అన్నీ చూపుతూ ఎనభై చదరపు మీటర్ల చిత్రం వేసి, న్యాయవిచారణలో దానిమీదే నిలబడి, ఎవరి చోటు ఎక్కడో సాక్ష్యం చెప్పారు. 2007లో వాళ్ళ హక్కు ఖాయమైంది. అదే దేశంలో 1966లో డేవిడ్ మలంగి అనే ఆదివాసి బొమ్మను, అతనితో మాటైనా చెప్పకుండా, ఒక డాలరు నోటుమీద అచ్చువేశారు! సంస్కృతిని నోటుమీద ముద్రించటానికి తయారైన రాజ్యం, అదే సంస్కృతి అర్జీగా మారి ముందు నిలిచేసరికి కోర్టులో ఎదిరించింది. బాక్సైటు అక్కడా ఇక్కడా ఒకటే. పాలకుల బుద్ధి కూడా ఒకటే.

మన దేశంలో ఇటువంటి సాక్ష్యానికి తావు లేదనుకోవద్దు. 2006 నాటి అటవీహక్కుల చట్టం కింద చేసిన నిబంధనల్లో పెద్దల వాఙ్మూలం, పవిత్రస్థలాలు, శ్మశానాలు కూడా ఆధారాలుగా చెల్లుతాయని రాసి ఉన్నది. దండారీ ఏ ఊరినుంచి ఏ ఊరికి, ఏ వాగు దాటి, ఏ చెట్టు కింద ఆగి పోతుందో అది ఆధారం కాదా? కోయల ఇంటివేల్పుల పడిగెలమీద గీసిన వంశకథలు ఆధారం కాదా? గ్రామసభలో ఇవి ఎందుకు నమోదు కావటం లేదు? ఎందుకు కావటం లేదంటే ఆ గ్రామసభకు వెళ్ళే అధికారికి అది "డాన్సు". దానికి చోటు సాంస్కృతిక శాఖలో. రెవెన్యూ కార్యాలయంలో కాదు.

చివరికి మన మిత్రుల సంగతి. "ఆదివాసీ అస్తిత్వం అంటూ మాట్లాడటం వర్గపోరాటాన్ని చీల్చటమే. పేదవాడు ఎక్కడైనా పేదవాడే" అని కొందరు కామ్రేడ్లు అంటారు. ఇది వినటానికి పటిష్ఠంగా ఉంటుందిగాని భీం బతుకు ముందు నిలవదు. భీం కోరినది కూలి పెంపు కాదు. నీరు, అడవి, భూమి మీద తన జనం అధికారం. ఆదివాసికి ఉత్పత్తి సాధనం పోవటం, దేవుడు పోవటం, భాష పోవటం మూడు వేర్వేరు సంఘటనలు కావు. ఒకే రోజున, ఒకే జీవోతో జరుగుతాయి. దాన్ని అతను తన పేరుతో, తన పాటతో ఎదిరిస్తే అది చీలిక ఎట్లా అవుతుంది? ఐతే అస్తిత్వం పేరుతో తమలోని కొద్దిమంది పెద్దలు కాంట్రాక్టర్లతో రాజీపడినా కళ్ళుమూసుకోవాలని నేననను. నేలనుంచి తెగిన అస్తిత్వం వేషమే అవుతుంది, వేసుకున్నది ఆదివాసే అయినా సరే.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. అభ్యుదయ సాహిత్యం, ప్రజానాట్య ఉద్యమం జానపదుడి వరసలు తీసుకుని వాటిలో మన మాటలు పెట్టాయి. బుర్రకథ మనది, తీసుకున్నాం, మంచిదే. కాని రేల పాటను తీసుకున్నప్పుడు పాడిన ఊరి పేరు చెప్పామా? దాని మాటల అర్థం అడిగామా? వాళ్ళ వరసలో మన సందేశం వాళ్ళకే వినిపించి, వాళ్ళకు చైతన్యం కలిగించామని అనుకున్నాం. వాళ్ళ పాటలో అప్పటికే ఒక సందేశం ఉండవచ్చునని మనకు తోచలేదు. మంత్రిగారు కిరీటం పెట్టుకున్నాడని నవ్వే ముందు, మన వేదికలమీద మనం పెట్టుకున్న కిరీటాలను కూడా లెక్కపెట్టుకోవాలి.

విద్యార్థులను, అధ్యాపకులను కోరేది పెద్దదేం కాదు. కళాశాల ఉత్సవంలో కాగితపు ఈకలు కట్టటం మానండి. మీ తరగతిలో గోండు, కోయ, కొండదొర విద్యార్థి ఉంటే అతన్ని ఆడమని బలవంతపెట్టకండి. అతని ఊరిలో ఆ ఆట ఎప్పుడు, ఎందుకు ఆడతారో చెప్పటానికి ఇష్టమైతే చెప్పమని అడగండి. బృందాన్ని పిలిస్తే శాస్త్రీయ సంగీత విద్వాంసుడికి ఇచ్చేంత ఇవ్వండి, కరపత్రంమీద ప్రతి ఒక్కరి పేరూ అచ్చువెయ్యండి. ఆట అయిన తరవాత పది నిమిషాలు వాళ్ళ ఊరి భూమి సంగతి వినండి. అటవీహక్కుల అర్జీలు రాసిపెట్టటానికి చదువుకున్నవాళ్ళు కావాలి. సెలవుల్లో ఆ పని చెయ్యండి. పెద్దల పాటలను వాళ్ళ అనుమతితో, వాళ్ళ భాషలో రాసి, ఆ ప్రతిని ముందు వాళ్ళ గ్రామసభకు ఇవ్వండి, ఆ తరవాతే మీ పరిశోధన గ్రంథానికి.

వార్షికోత్సవంలో చప్పట్లు కొట్టని ఆ కుర్రవాణ్ణి తరవాత ఇంకోసారి కలిశాను. దీపావళికి ఊరికి పోతున్నానన్నాడు. "ఈసారి దండారీ ఎన్ని ఊళ్ళకు పోతుంది?" అని అడిగాను. వేళ్ళమీద లెక్కపెట్టి, "నాలుగు ఊళ్ళు సార్. మా తాత నాడు ఏడుండె," అన్నాడు. తగ్గిన ఆ మూడు ఊళ్ళూ ఏమైనాయో అడగటానికి నాకు ధైర్యం చాలలేదు. మనం అడగవలసింది ఆ ప్రశ్నే. అడగవలసింది కూడా అతన్ని కాదు.